వితండవాదం చేయకు, కూర్చో!

పోటీ పరీక్షల ఫలితాలు వచ్చిన మర్నాడు పత్రిక మొదటి పేజీలో వార్త వెతుక్కోవాలి. పేజీ నిండా ముఖాలే. పాస్‌పోర్టు సైజు ఫొటోలు వరసకట్టి ఉంటాయి, ఒక్కోదాని కింద ఒక్కో ర్యాంకు. టీవీ పెడితే అవే అంకెలు పూనకం వచ్చినట్టు వినబడతాయి. కొన్నేళ్ల కిందట ఒక డిగ్రీ కళాశాలవాళ్లు ‘ఆలోచనా నైపుణ్యాలు’ అనే పేరుతో నాలుగు క్లాసులు చెప్పమని పిలిస్తే, అలాంటి పేజీనొకదాన్ని జిరాక్సు తీయించి పట్టుకెళ్లాను. తలా ఒకటి పంచి, ఇది మీకేం చెబుతోంది అని అడిగాను.

‘‘ఈ కాలేజీలో చేరితే ర్యాంకు వస్తుందని సార్’’ అన్నారు ముక్తకంఠంతో.

‘‘ఆ మాట ఎక్కడుందో గీత గీసి చూపించండి.’’

పెన్నులు తీశారు. పేజీ అటూ ఇటూ తిప్పారు. గీత గీయడానికి ఒక్క వాక్యం దొరకలేదు. కాసేపటికి వెనక బెంచీలోంచి ఒకమ్మాయి ‘‘మొత్తం ఎంతమంది రాశారో వెయ్యలేదు సార్’’ అంది. ఆ మాటతో ఇంకో కుర్రాడికి వాళ్ల ఊరి అబ్బాయి గుర్తొచ్చాడు. పదో తరగతిలో మండలానికే మొదటివాడు. కాలేజీవాళ్లే ఇంటికొచ్చి, ఫీజు లేదని చెప్పి తీసుకెళ్లారట. మరి ర్యాంకు కాలేజీ ఇచ్చిందా, ర్యాంకు వచ్చేవాణ్ని కాలేజీ వెతుక్కుందా? పావుగంటలో క్లాసంతా అక్కడికి వచ్చేసింది. తప్పుడు వాదనకు వాడే ‘ఫాలసీ’ అనే మాట అప్పటికింకా నా నోట రాలేదు.

కోచింగ్ సంస్థలు వేసే ఇలాంటి ప్రకటనల మీద 2024 నవంబరు 13న కేంద్ర వినియోగదారుల రక్షణ ప్రాధికార సంస్థ మార్గదర్శకాలు తెచ్చింది. నెగ్గినవాళ్ల ఫొటో వేసుకుంటే వాళ్లు ఏ కోర్సులో చేరారో, ఎంతకాలం చదివారో, డబ్బు కట్టి చేరారో లేదో కూడా చెప్పాలంది. ఇంటర్వ్యూ తర్ఫీదుకు నాలుగు రోజులు వచ్చిపోయినవాణ్ని సైతం ‘మావాడే’ అని వేసుకునే అలవాటుకు కట్టిన పగ్గం అది. మంచిదే. కానీ పదిహేడేళ్లు బడికీ కాలేజీకీ పంపిన పిల్లవాడు ఆ పేజీ చూడగానే అడగవలసిన ప్రశ్నను ప్రభుత్వం నిబంధన పెట్టి మరీ అడిగించవలసి వచ్చిందంటే, మన చదువు గురించి అది చెప్పేది తక్కువేం కాదు.

నా క్లాసులో ఆ కుర్రాడు పట్టుకున్న కిటుకుకు మన తర్కశాస్త్రంలో ఒక పేరుంది: ఉపాధి. ఈ మాట వినగానే కూలి, ఉద్యోగం గుర్తొస్తాయి కానీ ఇక్కడ అర్థం వేరు. తెలుగువాడైన అన్నంభట్టు పదిహేడో శతాబ్దంలో, తర్కం కొత్తగా నేర్చుకునేవాళ్ల కోసం తర్కసంగ్రహం రాశాడు. చిన్న పుస్తకం. తర్కం మొదలుపెట్టే సంస్కృత విద్యార్థులకు ఇప్పటికీ అదే మొదటి వాచకం. కొండ మీద పొగ కనబడితే అక్కడ నిప్పుందని ఊహించవచ్చు, వంటింట్లో ఆ రెంటినీ కలిపి చూశాం కనక. తిరగేసి, నిప్పున్న చోటల్లా పొగ ఉంటుందని మాత్రం అనకూడదు. ఎర్రగా కాలిన ఇనుప గుండులో నిప్పుంది, పొగ లేదు. గ్యాసు పొయ్యి వెలిగించే ఇల్లాలికీ ఇది తెలుసు. పొగ రావాలంటే నిప్పుకు తోడు తడికట్టె ఉండాలి. ఆ తడికట్టే ఉపాధి. నిప్పే పొగ తెచ్చిందని మనం చెప్పుకుంటుంటే, కిక్కురుమనకుండా మధ్యలో కూర్చున్న మూడో సంగతి. స్టాటిస్టిక్స్ చదివేవాళ్లు ‘కన్‌ఫౌండర్’ అని దాదాపు ఇలాంటిదాని గురించే జాగ్రత్త చెబుతారు. ర్యాంకుల పేజీలో తడికట్టె ఏదంటే, పదో తరగతి మార్కులు చూసి పిల్లల్ని ముందే ఏరుకోవడం.

ఇదేదో పండితుల భాష అనుకోనక్కర్లేదు. కాకి వాలింది, తాటిపండు పడింది. కాకి వల్లే పడిందనుకోకూడదని ‘కాకతాళీయం’ అనే మాట రోజూ వాడుతున్నాం. ఎద్దు ఈనిందంటే ఈనుతుందా లేదా అని చూడకుండా దూడను కట్టెయ్యమనేవాడు, తాటిచెట్టు ఎందుకెక్కావంటే దూడగడ్డి కోసమనేవాడు, తన కింది నలుపు ఎరగని గురివింద గింజ, పదిమందీ దూకారని దూకే గొర్రెదాటు, ఏ ప్రశ్న ఇచ్చినా ఆవును తెచ్చి చెట్టుకు కట్టేసి ఆవు గురించి రాసే విద్యార్థి. ఇంగ్లీషు పాఠ్యపుస్తకాల్లో లాటిన్ పేర్లు పెట్టుకుని గంభీరంగా కనిపించే తప్పుడు వాదనల్లో సగం మనకు నానమ్మ నోట వినిపించినవే. ఇన్ని పేర్లు నోట్లో ఉంచుకుని కూడా మోసపోతూనే ఉన్నామన్నదే అసలు చిక్కు. పేరు తెలియడం వేరు, సమయానికి తట్టడం వేరు. తట్టినా, ఎదుటివాడి వాదన విన్నప్పుడు తట్టినంత చురుగ్గా సొంత వాదనలో తట్టదు.

మన విశ్వవిద్యాలయాలు ఈ విద్యను అసలు ముట్టుకోవడం లేదనలేం. ముట్టుకున్నదాన్నల్లా బిట్టు చేస్తున్నాయి. కాలేజీలో పాఠం చెప్పే అర్హతకు రాసే నెట్ పరీక్షనే చూడండి. 2019 నుంచి నడుస్తున్న సిలబస్ ప్రకారం మొదటి పేపరులో యాభై ప్రశ్నలు, వంద మార్కులు. పది యూనిట్లలో ఒకటి లాజికల్ రీజనింగ్. అందులో ప్రమాణాలున్నాయి, అనుమానం ఉంది, వ్యాప్తి ఉంది, హేత్వాభాసలూ ఉన్నాయి. సంతోషించాలి. అయితే కోచింగ్ నోట్సులో అవి ఎలా కనబడతాయంటే: హేత్వాభాసలు ఎన్ని? అయిదు. సవ్యభిచారం, విరుద్ధం, సత్ప్రతిపక్షం, అసిద్ధం, బాధితం. మొదటి అక్షరాలు కలిపి ఒక పొడి మాట కట్టుకుంటే సరి, రెండు మార్కులు జేబులో పడ్డట్టే. అలా గట్టెక్కినవాళ్లే రేపు అధ్యాపకులు. హేత్వాభాస అంటే హేతువులా కనిపిస్తూ హేతువు కానిది. హేతువు అడగకుండానే దాన్ని నేర్చుకోవచ్చని ఈ పరీక్ష రుజువు చేసింది.

ఇంజినీరింగ్ కాలేజీల్లో ఇదే సరుకు ఇంకో పేరుతో దొరుకుతుంది. మూడో సంవత్సరంలో క్యాంపస్ ప్లేస్‌మెంట్ల తర్ఫీదు మొదలవుతుంది. అన్ని పిల్లులూ కుక్కలే, కొన్ని కుక్కలు కోళ్లు, కాబట్టి కొన్ని పిల్లులు కోళ్లా కాదా? గుండ్రని బల్ల చుట్టూ ఎనిమిది మంది కూర్చున్నారు, సుధకు ఎడమవైపు ఎవరు? నిమిషానికొకటి చొప్పున విప్పేస్తారు మన పిల్లలు. ఆ చురుకును తక్కువ చేయడం లేదు. కాకపోతే అదే పిల్లవాడు సాయంత్రం హాస్టల్లో, ‘ఈ కషాయం తాగితే షుగర్ మాయం’ అన్న వాట్సాప్ సందేశాన్ని వాళ్ల నాన్నకు పంపుతాడు. పిల్లులూ కోళ్లూ లేని చోట తర్కం పనిచేస్తుందని అతనికి ఎవరూ చెప్పలేదు.

అమెరికాలోనూ ఈ సంగతి ఒక విద్యార్థి అడిగాకే తెలిసింది. హోవర్డ్ కహానే అనే తర్కశాస్త్ర అధ్యాపకుడు సంకేతాలతో ఏదో సూత్రం ఉత్సాహంగా వివరిస్తుంటే, వియత్నాం యుద్ధాన్ని ఇంకా పెంచాలన్న అధ్యక్షుడు జాన్సన్ నిర్ణయానికీ ఈ సెమిస్టరంతా నేర్చుకున్నదానికీ సంబంధం ఏమిటని ఒక విద్యార్థి విసుక్కున్నాడట. కహానే ఆ పిల్లవాణ్ని కూర్చోబెట్టలేదు. పాఠం మార్చుకున్నాడు. 1971లో ఆయన వేసిన పాఠ్యపుస్తకంలో ఉదాహరణలు రాజకీయ ఉపన్యాసాల నుంచీ పత్రికల నుంచీ ప్రకటనల నుంచీ తీసుకున్నవి. 1980లో కాలిఫోర్నియా స్టేట్ యూనివర్సిటీ విమర్శనాత్మక ఆలోచన మీద బోధనను డిగ్రీ విద్యార్థులందరికీ తప్పనిసరి చేసింది. అంతకు ముందే, 1970లో, ఆస్ట్రేలియా తాత్వికుడు చార్లెస్ హాంబ్లిన్ ‘ఫాలసీస్’ అనే పుస్తకంలో ఫాలసీల పాఠాలన్నిటినీ ఉతికి ఆరేశాడు: అరిస్టాటిల్ ఇచ్చిన పదమూడింటి జాబితాను తరాలుగా దిద్దుకుంటూ, అవే బొమ్మ ఉదాహరణలను ఒక పుస్తకం నుంచి ఇంకో పుస్తకంలోకి ఎక్కించుకుంటున్నారే తప్ప, నిజంగా మనుషులు ఎలా వాదించుకుంటారో చూసినవాడు లేడని. పాఠాన్ని బిట్టు చేయడం మన సొంత జబ్బు కాదని తెలిసి కొంచెం ఊరట.

అయితే పేర్లు తీసేసి, బతుకులోంచి ఉదాహరణలు పెట్టి, చక్కగా నేర్పామే అనుకోండి. గిరీశం తయారైతే? 1897లో అచ్చయిన కన్యాశుల్కం నాటకంలో గిరీశానికి తర్కం రాదని ఎవరనగలరు? సానులను మానిపించాలని లెక్చర్లిస్తూనే సాని మధురవాణితో సంబంధం పెట్టుకుంటాడు. వెంకటేశం దగ్గర ఒక మాట, అగ్నిహోత్రావధానుల దగ్గర ఇంకో మాట. దేనికైనా సమర్థన అప్పటికప్పుడు పుట్టిస్తాడు. తన కోరిక ఏదో ముందు తేల్చుకుని, దానికి సరిపడే వాదనను తరవాత వెతుక్కునే నేర్పు అది. ఈ నేర్పును కొలిచి చూపిన ప్రయోగం ఒకటుంది. అమెరికాలో యేల్ విశ్వవిద్యాలయానికి చెందిన డాన్ కహాన్ బృందం 2013లో వెయ్యిమందికి పైగా జనానికి ఒక అంకెల పట్టిక ఇచ్చింది. కొందరికి అది దద్దుర్లు తగ్గించే క్రీము ఫలితాలని చెప్పారు, కొందరికి తుపాకులు దాచి పట్టుకుతిరగడంపై నిషేధం పెట్టిన నగరాల్లో నేరాల లెక్క అని చెప్పారు. అంకెలు మాత్రం అవే. పైపైన చూస్తే తప్పు జవాబు తోచేలా పట్టిక కూర్చారు. లెక్కల్లో గట్టివాళ్లు క్రీము దగ్గర బాగానే పట్టుకున్నారు. తుపాకుల దగ్గరకొచ్చేసరికి, సరైన జవాబు తమ రాజకీయ పక్షానికి నచ్చేదైనప్పుడే ఎక్కువగా పట్టుకున్నారు. రెండు పక్షాల మధ్య దూరం లెక్కలు రానివాళ్లలో కంటే వచ్చినవాళ్లలోనే ఎక్కువ కనిపించింది. కత్తికి పదును పెట్టడం దాకానే మన పని అనుకుంటే, పెట్టిన పదునంతా ఎదుటివాడి మీదికే వెళుతుందన్నమాట.

అలాగని నేర్పడం దండగ అనలేం. ఎంతకాలం, ఎలా నేర్పామన్న తేడా మన దేశంలోనే కళ్లకు కట్టినట్టు కనిపించింది. 2019 లోక్‌సభ ఎన్నికల సమయంలో సుమిత్రా బద్రీనాథన్ అనే పరిశోధకురాలు బిహార్‌లో 1,224 మందితో ఒక ప్రయోగం చేసింది. తప్పుడు వార్తను ఎలా పట్టుకోవాలో గంటసేపు ముఖాముఖి తర్ఫీదు ఇచ్చి చూస్తే, మొత్తం మీద చెప్పుకోదగ్గ మార్పు రాలేదు. ఒక పార్టీ అభిమానుల్లో, తమకు అనుకూలమైన అబద్ధాన్ని గుర్తించే శక్తి ఇంకా తగ్గింది కూడా. తరవాత ఆమె ఇతర పరిశోధకులతో కలిసి అదే బిహార్‌లో 583 గ్రామాల్లో, 13,500 మందికి పైగా బడిపిల్లలతో ఇంకో ప్రయోగం చేసి, వాళ్లలో కొందరికి కొన్ని వారాల పాటు తరగతి పాఠాలుగా చెప్పించింది. ఈసారి నిలిచింది. నెలలు గడిచాక కూడా పిల్లలు నిజానికీ పుకారుకీ తేడా పట్టగలిగారు. తల్లిదండ్రులకూ కొంత అంటింది. గంటసేపు గెస్ట్ లెక్చరు పెట్టించి ఫొటో దిగి, ‘అవగాహన సదస్సు’ అని బ్యానరు కట్టే మన కాలేజీలు ఈ రెండు ఫలితాలనూ పక్కపక్కన పెట్టుకుని చూడాలి.

మనకు దగ్గరి ఉదాహరణా ఉంది. 2018 మే నెలలో పిల్లల్ని ఎత్తుకుపోయే ముఠాలు తిరుగుతున్నాయని వాట్సాప్‌లో పుకారు లేచి, తెలుగు రాష్ట్రాల్లో అమాయకులను కొట్టి చంపారు. ఆ రోజుల్లో గద్వాల, వనపర్తి ప్రాంతాల్లో ఎస్పీగా ఉన్న రెమా రాజేశ్వరి పోలీసులను నాలుగు వందలకు పైగా ఊళ్లకు పంపారు. డప్పులతో పాటలతో జనాన్ని కూర్చోబెట్టి, ఆ సందేశం ఎక్కడ పుట్టిందో, ఆ వీడియో ఎక్కడిదో అడగడం అలవాటు చేశారు. అక్కడ ఒక్క ప్రాణమూ పోలేదు. ఒక ఊరికి ఒక కానిస్టేబులును కేటాయించి, అతను మళ్లీ మళ్లీ వెళ్లి రావడం ఆ పనిలో ముఖ్యమైన భాగం.

ఇక విశ్వవిద్యాలయాల సంగతి. విమర్శనాత్మక ఆలోచన మీద 117 అధ్యయనాలను గుదిగుచ్చి 2008లో ఫిలిప్ అబ్రామీ బృందం తేల్చినదేమంటే, తర్క సూత్రాలను విడిగా చెప్పి, వాటిని సబ్జెక్టు పాఠంలోనే వాడించినప్పుడు ఫలితం ఎక్కువ. సబ్జెక్టు చదివితే ఆలోచన దానంతటదే వస్తుందని వదిలేసినప్పుడు తక్కువ. పాఠం చెప్పేవాళ్లకు దీనిలో తర్ఫీదు ఇవ్వడం కూడా తేడా తెచ్చింది. అంటే అయిదో సెమిస్టరులో రెండు క్రెడిట్ల పేపరు ఒకటి పెట్టి చేతులు దులుపుకుంటే కుదరదు. ఎకనామిక్స్ క్లాసులో ధరల పాఠం దగ్గర, బోటనీలో ప్రయోగం దగ్గర, చరిత్రలో శాసనం దగ్గర, ‘ఇక్కడ తడికట్టె ఏది?’ అని అడగాలి. అడిగే అధ్యాపకుడు ఉండాలి కదా అంటారు. ఏళ్ల తరబడి ఖాళీలు నింపకుండా, గంటల లెక్కన గెస్ట్ ఫ్యాకల్టీతో నెట్టుకొస్తున్న చోట ఈ మాట అనడం తేలికే. వచ్చే సెమిస్టరులో ఉద్యోగం ఉంటుందో ఊడుతుందో తెలియనివాడు సిలబస్ పూర్తిచేసి బయటపడాలని చూస్తాడు కానీ, పిల్లల ప్రశ్నలకు గంట కేటాయించడు.

అయినా ఇదంతా డబ్బుతో తేలిపోయే సమస్య కాదు. ‘వితండవాదం చేయకు, కూర్చో’ అన్న మాట ఎన్ని తరగతి గదుల్లో విన్నామో గుర్తు తెచ్చుకోండి. న్యాయశాస్త్రం, అంటే కోర్టుల న్యాయం కాదు, మన తర్కశాస్త్రమే, వాదనల్ని మూడుగా విడగొట్టింది. నిజం తేల్చుకోవడానికి కూర్చుంటే వాదం. గురుశిష్యుల మధ్య జరిగేది అదే. గెలుపు కోసం దిగితే జల్పం. తన పక్షం ఏదో చెప్పకుండా ఎదుటివాడిది పడగొడుతూ పోతే వితండం. మనవాళ్లు మూడోదాన్ని తెలుగు వాడుకలోకి తెచ్చుకున్నారు, అదీ తిట్టుగా. తన పక్షం చెప్పకపోవడం అంత నేరమేమీ కాదు. మన నాగార్జునకొండతో పేరు ముడిపడిన ఆచార్య నాగార్జునుడు తనకంటూ నిలబెట్టవలసిన ప్రతిపాదన లేదని ఒప్పుకునే వాదించాడు. ఇప్పుడు వితండం అన్న మాటను సందేహం అడిగిన విద్యార్థి మీద విసురుతున్నాం. వాదం నేర్పవలసిన చోట వితండం అనే ముద్ర కొట్టి వాదాన్ని ఆపేయడం కంటే పెద్ద హేత్వాభాస ఇంకేముంది? దాని వెనక ఇంటర్నల్ మార్కుల బెదిరింపు ఉందని పిల్లలకు తెలుసు.

పోనీ వాదనకు స్థలం ఇచ్చామనుకునే చోట ఏం జరుగుతోంది? వక్తృత్వ పోటీలు. సెల్‌ఫోను వరమా శాపమా? విద్యార్థులకు రాజకీయాలు అవసరమా అనవసరమా? ప్రశ్నలోనే రెండు గదులు కట్టి, మూడో తలుపు మూసేశారు. చీటీ తీస్తే ‘వరం’ వచ్చినవాడు వరమని అరవాలి. గొంతు లేచినవాడికి, మధ్యలో రెండు పద్యాలు దట్టించినవాడికి షీల్డు. జల్పంలో మనం పిల్లల్ని బాగానే తయారు చేస్తున్నాం, వాళ్లే పెద్దయి రాత్రి తొమ్మిదింటికి టీవీలో కనబడుతున్నారు. నేనైతే ఒకే మార్పు అడుగుతాను: ఎదుటివాడి వాదనను ముందు వాడు ఒప్పుకునేలా చెప్పి, ఆ తరవాతే ఖండించాలి. మన శాస్త్రగ్రంథాల్లో పూర్వపక్షం అంటే అదే. అయిదు నిమిషాల్లో రెండు నిమిషాలు దానికే పోతాయి. పోనివ్వండి.

పేర్లు నేర్చుకున్న పిల్లలకు కొత్తగా పట్టుకునే ఇంకో జబ్బు గురించి చెప్పాలి. పెద్దలు ఏం చెప్పినా ‘ఇది అధికారం చూపి ఒప్పించడం, ఫాలసీ’ అంటారు. ఎవరి స్వార్థం ఎత్తినా ‘వ్యక్తిని తిట్టడం, ఫాలసీ’ అంటారు. డాక్టరు రాసిన పరీక్షకు ల్యాబు నుంచి కమీషను వస్తుందా అని అడగడం ఫాలసీ ఎలా అవుతుంది? న్యాయశాస్త్రం శబ్దాన్ని, అంటే నమ్మదగినవాడి మాటను, ప్రమాణంగానే ఒప్పుకుంది. ఆ నమ్మదగినవాడికి, ఆప్తుడికి, గుర్తులు కూడా చెప్పింది: ఆ సంగతి అతనికి తెలిసి ఉండాలి, తెలిసినది తెలిసినట్టు చెప్పే ఉద్దేశం ఉండాలి. క్రికెటరు సిమెంటు గురించి చెబితే మొదటిది లేదు. అమ్మేవాడు సరుకును మెచ్చుకుంటే రెండోది అనుమానం. ఈ రెండు ప్రశ్నలు చేతిలో ఉంటే ఫాలసీల జాబితా పొడుగు తగ్గుతుంది.

భాష మాట దాటేస్తే అన్యాయమవుతుంది. ఆంధ్రప్రదేశ్‌లో 2021-22 నుంచి డిగ్రీ కోర్సులను ఇంగ్లీషు మీడియంలోకి మార్చారు. ఉద్యోగాల కోణం నుంచి దాన్ని సమర్థించేవాళ్ల మాటలో బలం ఉంది, కాదనను. కానీ ‘అయితే’, ‘అలాగని’, ‘ఒకవేళ’, ‘అంతమాత్రాన’ అనే మాటలమీద నడుస్తుంది వాదన. ఆ చిన్న మాటలు ధారాళంగా రాని భాషలో పిల్లవాడు వాదించడు, కంఠస్థం చేస్తాడు. నా క్లాసులో ర్యాంకుల పేజీ మీద నోరు విప్పిన ఇద్దరూ తెలుగులోనే విప్పారు. వాళ్లనే ఇంగ్లీషులో రాయమంటే గైడు వాక్యాలు వచ్చాయి.

నాలుగో క్లాసు చివర, మొదటి రోజుకూ ఇప్పటికీ మీలో మార్పు స్పష్టంగా కనబడుతోందని నేను కాస్త గొప్పగానే అన్నాను. జిరాక్సు కాగితాలు సర్దుకుంటున్నాను. మొదటి రోజు వెనక బెంచీలోంచి మాట్లాడిన అమ్మాయి లేచి నిలబడింది.

‘‘సార్, మొదటి రోజు అరవైమంది ఉన్నాం. ఇవాళ ఇరవై రెండు మందే ఉన్నాం. నచ్చనివాళ్లు రావడం మానేశారు. మరి మార్పు మీ పాఠం వల్ల వచ్చిందంటారా?’’